బ్రౌజర్ మెమరీ ఎక్కడికి పోతోంది? అందులో ఎంత తగ్గుతుంది, ఎంత తగ్గదు?

తెరిచినవి నాలుగు ట్యాబ్‌లే. అయినా కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే బ్రౌజర్ పేరుతోనే ఇరవై వరుసలు, వాటన్నిటికీ కలిపి రెండు గిగాబైట్లు దాటిన అంకె. కంప్యూటర్ ముందు రోజూ కూర్చునేవాళ్లలో ఈ దృశ్యం చూడనివారు తక్కువ. సలహా అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. బ్రౌజర్ మెమరీని మింగేస్తోంది కాబట్టి వెంటనే మార్చేయమని ఒకరు అంటారు. ర్యామ్ ఉన్నదే వాడుకోవడానికి కదా, ఆ అంకెను పట్టించుకోవద్దని మరొకరు అంటారు. రెండిట్లోనూ నిజం ఉంది, కానీ ఏదీ పూర్తి నిజం కాదు. బ్రౌజర్ వాడే మెమరీలో కొంత మన భద్రతకు చెల్లించే వెల, కొంత మన సౌకర్యం కోసం దాచిపెట్టినది, కొంత మాత్రమే నిజమైన వృథా. ఈ మూడింటినీ విడదీసి చూడకపోతే తగ్గించకూడనిది తగ్గించి, తగ్గించవలసినదాన్ని అలాగే వదిలేస్తాం.

మెమరీ అంటే ఇక్కడ ఏది

కంప్యూటర్‌లో సమాచారం ఉండే చోట్లు ప్రధానంగా రెండు. మొదటిది డిస్క్. ఫైళ్లు, ఫొటోలు, ప్రోగ్రాములు ఉండేది అందులోనే. విద్యుత్తు పోయినా అక్కడ ఉన్నది చెరిగిపోదు. రెండోది ర్యామ్. ప్రస్తుతం నడుస్తున్న పని మొత్తం దీనిలో జరుగుతుంది, కంప్యూటర్ ఆపేస్తే ఖాళీ అయిపోతుంది. ఈ వ్యాసంలో మెమరీ అంటే ర్యామ్ అనే అర్థం.

ఈ రెండిటి వేగంలో ఉన్న తేడా తెలిస్తే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది. ర్యామ్ నుంచి ఒక విలువ తేవడానికి ప్రాసెసర్‌కు సుమారు వంద నానోసెకన్లు పడుతుంది. తిరిగే భాగాలు లేని కొత్త తరహా డిస్క్ అయిన మంచి ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే పదుల నుంచి వంద మైక్రోసెకన్లు, అంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. పాత తరహా తిరిగే హార్డ్‌డిస్క్ అయితే దాదాపు పది మిల్లీసెకన్లు. అది ర్యామ్‌తో పోలిస్తే లక్ష రెట్ల ఆలస్యం.

ర్యామ్ నిండిపోయినా కంప్యూటర్ ఆగిపోదు. కాసేపటి నుంచి ఎవరూ ముట్టుకోని భాగాలను ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్‌లోకి తరలించి చోటు చేస్తుంది. దీనినే స్వాప్ అంటారు. మళ్లీ ఆ భాగం కావలసి వచ్చినప్పుడు డిస్క్ నుంచి వెనక్కి తెస్తుంది. ట్యాబ్ మీద నొక్కాక రెండు మూడు సెకన్లు తెల్లటి తెర కనిపించి, ఆ తర్వాత పేజీ వచ్చిందంటే తరచుగా జరిగింది ఇదే. అంటే మనల్ని బాధపెట్టేది బ్రౌజర్ రెండు గిగాబైట్లు వాడటం కాదు, ఆ రెండు గిగాబైట్లకు ర్యామ్‌లో చోటు లేకపోవడం. ఒకే అంకె ఒకరి కంప్యూటర్‌లో హాయిగా ఇమిడిపోయి, మరొకరి కంప్యూటర్‌ను కదలనివ్వకుండా చేయడానికి కారణం అదే.

మూడు ఎంబీల ఫొటో నలభై ఎనిమిది ఎంబీలు ఎలా అవుతుంది

వెబ్ పేజీ అంటే చిన్న కాగితం లాంటిదనే భావన చాలామందిలో ఉంది. నెట్‌వర్క్ మీద వచ్చినప్పుడు అది చిన్నదే. మెమరీలోకి వచ్చాక విప్పుకుంటుంది. అది విప్పుకునే తీరును ఒక్క ఫొటోతో దగ్గరగా చూద్దాం.

ఫోనుతో తీసిన ఒక ఫొటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు ఉందనుకుందాం. జేపెగ్ ఫైలుగా అది మూడు నాలుగు ఎంబీలు ఉండవచ్చు. కానీ జేపెగ్ అనేది మడతపెట్టిన రూపం. తెర మీద చూపించాలంటే ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అనే నాలుగు విలువలు, ఒక్కోటి ఒక్కో బైటు చొప్పున విడివిడిగా కావాలి. 4000ను 3000తో గుణిస్తే కోటీ ఇరవై లక్షల చుక్కలు. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున నాలుగు కోట్ల ఎనభై లక్షల బైట్లు, అంటే 48 ఎంబీలు. తెర మీద ఆ ఫొటో అరచేయంత కనిపించినా, పేజీ తయారుచేసినవాళ్లు దానిని ముందే చిన్నది చేసి పెట్టకపోతే బ్రౌజర్ మీద పడే భారం ఈ స్థాయిలో ఉంటుంది. బ్రౌజర్లు దీనికి విరుగుడు చాలానే కనిపెట్టాయి. తెర మీదకు వచ్చే బొమ్మలనే విప్పడం, దాటిపోయినవాటిని మళ్లీ వదిలేయడం, కొన్నిసార్లు విప్పేటప్పుడే చిన్న పరిమాణంలో విప్పడం వంటివి చేస్తాయి. అయినా పెద్ద బొమ్మలు బారులు తీరిన పేజీ కిందికి లాగుతుంటే మెమరీ అంకె ఎగిరెగిరి పడటం కళ్లారా చూడవచ్చు.

తెర కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. 1920కి 1080 చుక్కల తెరను ఒకసారి పూర్తిగా నింపే పొరకు సుమారు 8.3 ఎంబీలు కావాలి. 3840కి 2160 ఉండే 4కే తెరకు అదే పొర 33 ఎంబీలు. పేజీలో కదిలే బొమ్మలు, పైన తేలే పట్టీలు, వీడియోలు ఉంటే ఇలాంటి పొరలు అనేకం ఏర్పడతాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో ఈ పొరలన్నీ మామూలు ర్యామ్ నుంచే కొంత భాగం తీసుకుంటాయి. కొత్తగా పెద్ద తెర తగిలించాక అదే కంప్యూటర్ బరువుగా అనిపించడం భ్రమ కాదు.

బొమ్మల తర్వాత పేజీ నిర్మాణం. అందులోని ప్రతి పేరా, బొత్తాము, పట్టిక గడి మెమరీలో ఒక వస్తువుగా నిలుస్తుంది. దాని రంగు, స్థానం, దానిని ఇముడ్చుకున్న తల్లి ఎవరు, దానిలో ఇమిడిన పిల్లలు ఎవరు అన్న వివరాలు దానికి తోడవుతాయి. ఆ పైన జావాస్క్రిప్ట్, అంటే పేజీతోపాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే కోడు. మెయిల్, పత్రాలు రాసుకునే పేజీలు, పటాలు, చాట్‌లు పేరుకు పేజీలే గానీ నిజానికి పూర్తి స్థాయి ప్రోగ్రాములు. అవి తమ సమాచారాన్నంతా మెమరీలో పెట్టుకుని, గంటల తరబడి సర్వరుతో మాట్లాడుతూనే ఉంటాయి. కాబట్టి ఒక వార్త చదివే ట్యాబ్‌ను, ఒక మెయిల్ ట్యాబ్‌ను చెరొకటిగా లెక్కపెట్టి పోల్చడంలో అర్థం లేదు.

నాలుగు ట్యాబ్‌లకు ఇరవై ప్రాసెస్‌లు ఎందుకు

నడుస్తున్న ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ప్రాసెస్‌గా గుర్తిస్తుంది. ప్రతి ప్రాసెస్‌కూ దానిదైన మెమరీ గది ఉంటుంది, ఒకదాని గదిలోకి మరొకటి తొంగిచూడలేదు. ఒకప్పుడు బ్రౌజర్ అంటే సాధారణంగా ఒకే ప్రాసెస్. ఒక పేజీ చెడిపోతే మొత్తం బ్రౌజర్ కూలిపోయేది, సగం రాసిన ఉత్తరంతో సహా అన్నీ పోయేవి.

2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ ఈ పద్ధతిని మార్చింది. పేజీలను వేర్వేరు ప్రాసెస్‌లలో నడపడం దాని ప్రధానమైన ప్రత్యేకత. ఒక ట్యాబ్ కూలితే అది మాత్రమే పోతుంది. అంతకంటే ముఖ్యంగా, పేజీని నడిపే ప్రాసెస్‌కు ఫైళ్లను ముట్టుకునే అధికారం లేకుండా కట్టడి చేయవచ్చు. ఫైర్‌ఫాక్స్ ఈ దారిలోకి నెమ్మదిగా వచ్చింది. 2016లో మొదలుపెట్టి, 2017 జూన్‌లో వచ్చిన 54వ వెర్షన్‌తో పేజీల కోసం నాలుగు ప్రాసెస్‌లు వాడటం మొదలుపెట్టింది. నాలుగు దగ్గర ఆగడం వెనుక మెమరీ ఆలోచనే ఉంది. ప్రాసెస్‌లు పెరిగేకొద్దీ ప్రతిదానిలో బ్రౌజర్ యంత్రాంగం తాలూకు కొంత సామగ్రి మళ్లీ మళ్లీ పరుచుకోవాలి. పది ఇళ్లకు పది పొయ్యిలు కావాలి కదా.

ఆ పొదుపు ఎక్కువకాలం నిలవలేదు. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. ప్రాసెసర్ వేగం కోసం ముందుగానే ఊహించి చేసే పనుల జాడలను పట్టుకుని, ఒక ప్రోగ్రాము తనకు హక్కు లేని మెమరీని చదవవచ్చని తేలింది. బ్రౌజర్‌కు దీని అర్థం చాలా సూటిగా ఉంది. ఒకే ప్రాసెస్‌లో మీ బ్యాంకు పేజీ, ఎవరో తెలియని వారి ప్రకటన కలిసి ఉంటే, ఆ ప్రకటనలోని కోడు బ్యాంకు సమాచారాన్ని చదివే అవకాశం ఉంది. దానికి జవాబుగా ఒక్కో సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో వేరుగా ఉంచే సైట్ ఐసోలేషన్ అనే పద్ధతిని క్రోమ్ 2018లో, 67వ వెర్షన్‌తో డెస్క్‌టాప్‌ల మీద దాదాపు అందరికీ అమలు చేసింది. దానివల్ల మొత్తం మెమరీ వాడకం సుమారు 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే బహిరంగంగా చెప్పింది. ఫైర్‌ఫాక్స్ ఫిషన్ అనే పేరుతో ఇదే పని 2021 చివర్లో పూర్తి చేసింది.

కాబట్టి ఆ ఇరవై వరుసల్లో ఒకటి బ్రౌజర్ ప్రధాన ప్రాసెస్, ఒకటి గ్రాఫిక్స్ కోసం, ఒకటి నెట్‌వర్క్ కోసం, కొన్ని ఎక్స్‌టెన్షన్‌ల (బ్రౌజర్‌కు మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) కోసం. తక్కినవి ట్యాబ్‌లవి, ఆ ట్యాబ్‌లలో పొదిగిన బయటి సైట్ల ముక్కలవి. ఒక వార్తా పేజీలో నాలుగు వేర్వేరు సంస్థల ప్రకటనలు, ఒక వీడియో పెట్టె ఉంటే ఆ ఒక్క ట్యాబే ఐదారు ప్రాసెస్‌లకు కారణం కావచ్చు.

ఇక్కడ వాదన రెండు వైపులా ఉంది. తక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్ తప్ప మరొకటి కొనుక్కోలేని వారి మీద ఈ భారం వేయడం న్యాయమేనా అని అడిగేవారి ప్రశ్న సరైనదే. ఆ కంప్యూటర్లే ఎక్కువ కాలం వాడుకలో ఉంటాయి. వాటి ఇబ్బంది ఇంజనీర్ల బల్ల మీద ఉండే కొత్త యంత్రాల్లో కనిపించదు. మరోవైపు, ఈ గోడలు తీసేస్తే దక్కేది పదో వంతు మెమరీ, పోయేది పాస్‌వర్డుల భద్రత. సైట్ ఐసోలేషన్‌ను ఆపివేసే దారి వెతికి మరీ చెప్పే సలహాలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదేనని నా గట్టి అభిప్రాయం. క్రోమ్ కూడా ర్యామ్ తక్కువ ఉన్న యంత్రాల్లో ఒకే సైట్‌కు చెందిన ట్యాబ్‌లను ఒకే ప్రాసెస్‌లో సర్దుతుంది. గోడ ఉండాల్సింది వేర్వేరు సైట్ల మధ్య. ఒకే సైట్‌కు చెందిన రెండు ట్యాబ్‌ల మధ్య ఆ అవసరం అంతగా లేదు.

వరుసల్లోని అంకెలను కూడితే వచ్చేది అసలు మొత్తం కాకపోవచ్చు

మూడు గదులు, ఒక ఉమ్మడి వంటగది ఉన్న ఇంట్లో ముగ్గురు అద్దెకు ఉంటున్నారు. మీరు వాడుకునే చోటెంత అని అడిగితే ఒక్కొక్కరూ తమ గది 100 చదరపు అడుగులు, వంటగది 60, మొత్తం 160 అంటారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ మూడు జవాబులనూ కూడితే 480 వస్తుంది, ఇల్లు మాత్రం 360 చదరపు అడుగులే.

బ్రౌజర్ ప్రాసెస్‌లు కూడా ఇలాగే కొంత మెమరీని ఉమ్మడిగా వాడుకుంటాయి. బ్రౌజర్ ప్రోగ్రాము కోడు ర్యామ్‌లో ఒకే ప్రతిగా ఉండి అన్ని ప్రాసెస్‌లకూ పనికొస్తుంది. కొన్ని సాధనాలు ఉమ్మడి భాగాన్ని ప్రతి వరుసలోనూ చూపిస్తాయి, కొన్ని ఆ ప్రాసెస్‌కు మాత్రమే చెందిన సొంత భాగాన్నే చూపిస్తాయి. రెండు బ్రౌజర్లను పోల్చి ఏది మేలో తేల్చే పోలికల్లో చాలావరకు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. ఒకదానికి ఉమ్మడి భాగం కలిపిన అంకె, మరొకదానికి కలపని అంకె తీసుకుంటే ఫలితం ముందే తారుమారు అవుతుంది.

ఏ ట్యాబ్ ఎంత తీసుకుంటోందో తెలియాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ చూపించే పట్టిక కంటే బ్రౌజర్ సొంత పట్టిక చాలా నయం. క్రోమ్, ఎడ్జ్‌లలో విండోస్ మీద షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే బ్రౌజర్‌కే ప్రత్యేకమైన టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పట్టీలో about:processes అని రాస్తే వచ్చే పేజీ అదే పని చేస్తుంది. అక్కడ వరుసలకు ట్యాబ్‌ల పేర్లు, ఎక్స్‌టెన్షన్‌ల పేర్లు ఉంటాయి. ఆ పేర్లు చూశాక మన అంచనాలు చాలావరకు తలకిందులవుతాయి. పాతిక ట్యాబ్‌ల గుంపును అనుమానిస్తూ ఉంటే, అసలు బరువు మూలన ఉన్న ఒకే ట్యాబ్‌లో బయటపడుతుంది.

"ఖాళీ ర్యామ్ వృథా ర్యామ్" అనే మాటలో ఎంత నిజం

ఈ వాదన ఆపరేటింగ్ సిస్టమ్‌ల విషయంలో పూర్తిగా నిజం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ మిగిలిన ర్యామ్‌లో ఇటీవల చదివిన ఫైళ్లను దాచి ఉంచుతాయి, ఎవరికైనా చోటు కావాలంటే క్షణంలో ఖాళీ చేస్తాయి. లినక్స్‌లో ఫ్రీ అనే ఆదేశం ఇచ్చే పట్టికలో "ఫ్రీ", "అవైలబుల్" అని రెండు వేర్వేరు గడులు ఉన్నది అందుకే. మొదటిది పూర్తిగా ఖాళీగా ఉన్నది, రెండోది అడిగితే ఇవ్వగలిగినది. చూడవలసింది రెండోదే.

బ్రౌజర్‌కు అదే సూత్రాన్ని వర్తింపజేస్తే సగమే సరిపోతుంది. బ్రౌజర్ కూడా సౌకర్యం కోసం కొన్నింటిని దాస్తుంది. వెనక్కి బాణం నొక్కగానే పాత పేజీ రెప్పపాటులో ప్రత్యక్షమైతే, ఆ పేజీని మెమరీలో యథాతథంగా గడ్డకట్టించి ఉంచారన్నమాట. ఇలాంటివి అవసరమైతే వదులుకోగలిగినవి. కానీ ఒక మెయిల్ ట్యాబ్ జావాస్క్రిప్ట్‌లో పట్టి ఉంచిన సమాచారాన్ని బ్రౌజర్ తనంతట తాను పారేయలేదు, ఏది అవసరమో దానికి తెలియదు. పైగా ఫైళ్ల దాపును వదిలించినంత తేలికగా ఆపరేటింగ్ సిస్టమ్ బ్రౌజర్ మెమరీని వదిలించలేదు. దానిని కుదించాలి, లేదా డిస్క్‌కు తరలించాలి. విండోస్ 10, ఆధునిక మ్యాక్‌లు కొంతకాలంగా ముట్టుకోని మెమరీని ర్యామ్‌లోనే కుదించి ఉంచుతాయి. అది డిస్క్‌కు పంపడం కంటే ఎంతో వేగం, అయితే ప్రాసెసర్‌కు ఆ మేరకు పని పెరుగుతుంది.

అందుకే వాడుతున్న మెమరీ ఎంత అన్న ప్రశ్న కంటే మెమరీ మీద ఒత్తిడి ఉందా అన్న ప్రశ్న మెరుగైనది. మ్యాక్‌లోని యాక్టివిటీ మానిటర్ "మెమరీ ప్రెషర్" అని దీనికి ప్రత్యేకంగా ఒక గ్రాఫే చూపిస్తుంది. అది ఆకుపచ్చగా ఉన్నంతకాలం బ్రౌజర్ అంకె ఎంత పెద్దదైనా దిగులు అక్కరలేదు.

నిద్రపోయే ట్యాబ్‌లు: ఏమి మిగులుతుంది, ఏమి పోతుంది

ఇటీవలి సంవత్సరాల్లో బ్రౌజర్ల తయారీదారులు ఎంచుకున్న ప్రధాన పరిష్కారం, వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చడం. క్రోమ్ 2015లోనే, మెమరీ బాగా తగ్గినప్పుడు వాడని ట్యాబ్‌లను వదిలించే ఏర్పాటు తెచ్చింది. ఎడ్జ్ 2021లో స్లీపింగ్ ట్యాబ్స్ అని, అదే ఏడాది అక్టోబరులో ఫైర్‌ఫాక్స్ 93వ వెర్షన్‌తో విండోస్ మీద ట్యాబ్ అన్‌లోడింగ్ అని తెచ్చాయి. క్రోమ్ 2022 డిసెంబరులో మెమరీ సేవర్‌ను ప్రకటించింది.

పేర్లు కలగాపులగంగా ఉన్నా లోపల జరిగే పనులు రెండు. మొదటిది గడ్డకట్టించడం. ట్యాబ్‌లోని కోడు ఆగిపోతుంది, మెమరీ మాత్రం అలాగే ఉంటుంది. దీనితో ప్రాసెసర్‌కు, బ్యాటరీకి మేలు, మెమరీకి నేరుగా కలిసొచ్చేది తక్కువ. రెండోది వదిలించడం. ట్యాబ్ పట్టీలో పేరు, గుర్తు, చిరునామా మిగులుతాయి, లోపలి పేజీ మెమరీ నుంచి పూర్తిగా తొలగిపోతుంది. మళ్లీ నొక్కితే పేజీ నెట్‌వర్క్ నుంచి కొత్తగా వస్తుంది.

ఆ "కొత్తగా" అన్న మాటలోనే చిక్కు ఉంది. చాలా పేజీలు ఉన్నచోటికి తిరిగి వస్తాయి. కొన్ని రావు. గంటసేపు కిందికి లాగుతూ వచ్చిన జాబితా మళ్లీ మొదటికి వస్తుంది. గడువు తీరిన లాగిన్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ వేళకు నెట్ లేకపోతే చదువుదామని ఉంచుకున్న పేజీ అసలే రాదు. అందుకే పాట వినిపిస్తున్న ట్యాబ్‌ను, తెర పంచుకుంటున్నదాన్ని, డౌన్‌లోడు నడుస్తున్నదాన్ని, సగం నింపిన ఫారం ఉన్నదాన్ని, పిన్ చేసి ఉంచినదాన్ని క్రోమ్ ముట్టుకోదు. ప్రత్యేకించి కొన్ని సైట్లను ఎప్పుడూ వదిలించవద్దని చెప్పే వీలు కూడా ఉంది. నెట్ నిలకడగా లేనిచోట పనిచేసేవారికి ఈ మినహాయింపుల జాబితా మెమరీ ఆదా కంటే విలువైనదని నేను అనుకుంటాను.

లీకు అంటే ఏమిటి: పది సెకన్లకోసారి రెండువందల కేబీలు

జావాస్క్రిప్ట్‌లో అవసరం తీరిన వస్తువులను ఏరి పారేసే పనిని బ్రౌజరే చేస్తుంది. దానిని గార్బేజ్ కలెక్షన్ అంటారు. నియమం ఒక్కటే: ఎవరైనా ఇంకా వేలుపెట్టి చూపిస్తున్న వస్తువును పారేయకూడదు. పేజీ రాసినవారు పొరపాటున ఆ వేలు తీయడం మరిచిపోతే, ఎవరికీ అక్కరలేని వస్తువు మెమరీలో ఉండిపోతుంది. అదే లీకు.

ఒక ఆట స్కోరు చూపించే పేజీ ఉందనుకుందాం. పది సెకన్లకు ఒకసారి కొత్త జాబితా తెచ్చుకుంటుంది, పాత జాబితాను మాత్రం ఎక్కడో ఒక వరుసలో చేర్చుకుంటూ పోతోంది. జాబితా పరిమాణం 200 కిలోబైట్లు, చూడటానికి ఏమంత కాదు. గంటకు 360 సార్లు, ఎనిమిది గంటలకు 2880 సార్లు. మొత్తం 5,76,000 కిలోబైట్లు, సుమారు 576 ఎంబీలు. ఉదయం తేలికగా తెరుచుకున్న ట్యాబ్ సాయంత్రానికి తడిసి మోపెడవుతుంది. పేజీని మళ్లీ లోడ్ చేయగానే ఈ బరువంతా ఒక్కసారిగా దిగిపోతుంది. పేజీ మామూలుగానే పెద్దదా, లీకవుతోందా అన్నది తేల్చడానికి ఇదే సులువైన ఆనవాలు. లోడ్ చేశాక కూడా అంకె వెంటనే మునుపటి ఎత్తుకు చేరితే అది పేజీ సహజమైన బరువు. కిందికి దిగి, గంటల తరబడి మెల్లగా పాకుతూ పోతే లీకు.

తప్పు ఎప్పుడూ పేజీదే కాదు. ఫైర్‌ఫాక్స్ 2011లో మెమ్‌ష్రింక్ అనే పేరుతో మెమరీ తగ్గించే పనిని చేపట్టినప్పుడు, మూసేసిన పేజీలను యాడ్ఆన్‌లు (ఎక్స్‌టెన్షన్‌లు) పట్టుకుని వదలకపోవడం పెద్ద సమస్యగా తేలింది. 2012 ఆగస్టులో వచ్చిన 15వ వెర్షన్ అలాంటి లీకుల్లో చాలావాటిని బ్రౌజర్ స్థాయిలోనే అడ్డుకుంది. క్రోమ్ వైపు కూడా 2020లో, 80వ వెర్షన్‌లో, జావాస్క్రిప్ట్ యంత్రం వీ8 మెమరీలోని చిరునామాలను ఎనిమిది బైట్లకు బదులు నాలుగు బైట్లలో రాయడం మొదలుపెట్టింది. దానితో జావాస్క్రిప్ట్ వస్తువుల మెమరీ 43 శాతం వరకు తగ్గింది. బ్రౌజర్ తయారుచేసేవారికి మెమరీ పట్టదనే విమర్శకు ఈ చరిత్ర ఒప్పుకోదు. అయితే ఇటు ఆదా అయిన చోటును అటు వెబ్ పేజీలు నింపేస్తూ వచ్చాయన్నదీ అంతే నిజం.

ఎక్స్‌టెన్షన్‌లు: ఇచ్చేదెంత, తీసుకునేదెంత

ఎక్స్‌టెన్షన్ ఖర్చు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి దాని సొంత ప్రాసెస్, టాస్క్ మేనేజర్‌లో పేరుతో కనిపిస్తుంది. రెండోది ప్రతి పేజీలోకి అది చొప్పించే కోడు. ఇది ఆయా ట్యాబ్‌ల అంకెలో కలిసిపోతుంది కాబట్టి మనకు కనిపించదు. పేజీకి మూడు ఎంబీలు తీసుకునే ఎక్స్‌టెన్షన్ ముప్పై ట్యాబ్‌లలో తొంభై ఎంబీలు అవుతుంది.

ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్‌ల విషయంలో లెక్క మరీ ఆసక్తికరం. 2014లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మోజిల్లా ఇంజనీరు నికొలస్ నెదర్‌కోట్ ఫైర్‌ఫాక్స్ మీద యాడ్‌బ్లాక్ ప్లస్ ప్రభావాన్ని కొలిచి, అది మొదటే 60 నుంచి 70 ఎంబీలు, ఆపైన పేజీలో పొదిగిన ఒక్కో చట్రానికి (ప్రకటన పెట్టె వంటి ముక్కకు) సుమారు 4 ఎంబీలు తీసుకుంటోందని రాశారు. ప్రకటనలను దాచే నియమాల పట్టిక ప్రతి చట్రానికీ ఒక ప్రతి చొప్పున తయారవడమే కారణం. మరుసటి ఏడాది ఫైర్‌ఫాక్స్ ఆ పట్టికను ఉమ్మడిగా వాడుకునేలా మార్చి ఈ భారాన్ని బాగా తగ్గించింది. మరోవైపు, ఆగిపోయిన ప్రతి ప్రకటన ఒక బొమ్మ, ఒక కోడు, సైట్ ఐసోలేషన్ ఉన్న ఈ రోజుల్లో బహుశా ఒక ప్రాసెస్ తగ్గినట్టే. ప్రకటనలు దట్టంగా ఉన్న సైట్లు చదివేవారికి నికరంగా లాభం, ప్రకటనలే లేని పేజీల్లో పనిచేసేవారికి నికరంగా ఖర్చు. దీనికి అందరికీ వర్తించే జవాబు లేదు, ఎవరి ట్యాబ్‌లను వారే కొలిచి చూసుకోవాలి.

బ్రౌజర్ మారిస్తే

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి ఐదూ క్రోమియం అనే ఒకే పునాది మీద కట్టినవి. వీటి మధ్య తేడా ట్యాబ్‌లను ఎంత త్వరగా నిద్రపుచ్చుతాయి, ప్రకటనలను ముందే ఆపుతాయా వంటి అమరికల్లోనే ఎక్కువ. పేజీని విప్పే యంత్రం ఒకటే. ఫైర్‌ఫాక్స్, సఫారీల యంత్రాలు వేరు, కాబట్టి అక్కడ తేడా కనిపించవచ్చు. ఎటువైపు అన్నది మాత్రం మీరు తెరిచే పేజీలను బట్టి మారుతుంది. మీ రోజువారీ ట్యాబ్‌లనే రెండిట్లోనూ తెరిచి, అరగంట వాడాక చూస్తే వచ్చే అంకె ఎవరో చేసిన పోలిక కంటే నమ్మదగినది.

పుండు ఒకచోట, మందు మరోచోట

క్యాషే (మళ్లీ వాడుకోవడానికి బ్రౌజర్ దాచుకునే పేజీల ముక్కలు), చరిత్ర చెరిపేస్తే మెమరీ తగ్గుతుందనే నమ్మకం బాగా పాతుకుపోయింది. ఆ క్యాషే ప్రధానంగా డిస్క్ మీద ఉంటుంది. చెరిపితే డిస్క్‌లో చోటు దొరుకుతుంది, ర్యామ్ అంకె దాదాపు కదలదు, తర్వాతి రోజు పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటాయి.

ర్యామ్‌ను శుభ్రం చేస్తామని చెప్పే ప్రోగ్రాములు చాలావరకు చేసేది, నడుస్తున్న ప్రాసెస్‌ల మెమరీని బలవంతంగా ర్యామ్ నుంచి బయటికి నెట్టడం. ఆ క్షణంలో అంకె గబుక్కున పడిపోతుంది, చూడటానికి బాగుంటుంది. మరుక్షణం ట్యాబ్ నొక్కగానే అదంతా వెనక్కి రావాలి. మనం తప్పించుకోవాలనుకున్న ఆలస్యాన్ని మన చేతులతో పిలుచుకున్నట్టే.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపమనే సలహా కొంత భిన్నమైనది. అలా ఆపితే గ్రాఫిక్స్ చిప్ చేసే పని ప్రాసెసర్ మీదకు మారుతుంది. గ్రాఫిక్స్ డ్రైవరులో లోపం ఉన్నచోట నిజంగానే ఉపయోగపడుతుంది. మిగతాచోట్ల వీడియో చూస్తుంటే ప్రాసెసర్ వేడెక్కడమే మిగులుతుంది.

ఒక పట్టికను విప్పి చూస్తే

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఊహాజనిత లెక్కలో పెడదాం. 8 జీబీల ర్యామ్, 12 ట్యాబ్‌లు, బ్రౌజర్ మొత్తం 3100 ఎంబీలు. బ్రౌజర్ టాస్క్ మేనేజర్‌లో వరుసలు ఇలా ఉన్నాయి: ప్రధాన ప్రాసెస్ 300, గ్రాఫిక్స్ 350, ఐదు ఎక్స్‌టెన్షన్‌లు కలిపి 280, మూడు రోజులుగా తెరిచే ఉన్న మెయిల్ 420, రాస్తున్న పత్రం 380, వీడియో 450, తర్వాత చదువుదామని ఉంచిన తొమ్మిది వ్యాసాలు ఒక్కోటి 80 చొప్పున 720, ఆ వ్యాసాల్లోని ప్రకటనల ముక్కలు 200.

తొమ్మిది వ్యాసాల ట్యాబ్‌లను వదిలిస్తే వాటితోపాటు ప్రకటనలూ పోతాయి, దాదాపు 920 ఆదా అవుతుంది. మెయిల్ ట్యాబ్‌ను మళ్లీ లోడ్ చేస్తే అది 250కి దిగిందనుకుందాం, మరో 170. నెలల తరబడి వాడని మూడు ఎక్స్‌టెన్షన్‌లను తీసేస్తే 160. మొత్తం 1250 ఎంబీలు, ఒక్క పనీ ఆగకుండా, ఒక్క భద్రతా గోడా కూలకుండా. మిగిలిన 1850లో పత్రం, వీడియో, మెయిల్, వాటిని నడిపే యంత్రాంగం ఉన్నాయి. వాటిలో ఏదైనా మూస్తేనే ఇంకా తగ్గుతుంది.

16 జీబీల కంప్యూటర్‌లో ఈ 1250 తగ్గించినా తగ్గించకపోయినా వాడేవారికి తేడా తెలియదు. 8 జీబీలలో, పక్కన వీడియో సమావేశం కూడా నడుస్తుంటే, స్వాప్‌లోకి జారడానికీ జారకుండా ఉండటానికీ మధ్య తేడా ఇదే కావచ్చు. 4 జీబీలలో మాత్రం మిగిలిన 1850 కూడా బరువే. ఆపరేటింగ్ సిస్టమ్ వాటా పోను అంత చోటు దొరకడమే కష్టం. అక్కడ ఏ అమరికా మార్చలేనిది ఒకటుంది: వీడియో, పత్రం రెండూ ఒకేసారి తెరిచి ఉండాలా వద్దా అన్నది.